పాత పెట్రోల్ పికప్‌కు హెడర్స్: ఇంటి షెడ్డులో రెండుసార్లు చేసిన పని

బండి మా బావమరిదిది. 2011 మోడల్ చిన్న పికప్, పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 1300 సీసీ, టర్బో లేదు. మీటరు మీద 1,86,000 కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇన్నేళ్ళు లోడు మోసిన బండిలో పోత ఇనుము పగిలితే కంపెనీని అనడం న్యాయం కాదు. సీజన్లో వాడు దామలచెరువు, పాకాల వైపు నుంచి మామిడికాయలు తోలుతాడు. మిగతా రోజుల్లో భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు దాకా ఏ లోడు దొరికితే అది.

నేను తిరుపతిలో 18 ఏళ్ళుగా ఇంజన్ పని చేస్తున్నాను. పగిలిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను పోగుచేసి ఒకే పైపులోకి పంపే పోత ఇనుము ముక్క) తీసి, దాని చోట హెడర్స్ (అదే పని చేసే విడివిడి స్టీల్ పైపులు) వేసిన ఈ పని మాత్రం వర్క్‌షాపులో చేయలేదు. చంద్రగిరి పక్కన మా ఇంటి రేకుల షెడ్డులో, ఆదివారాలు చేశాను. లిఫ్ట్ లేదు, గుంత లేదు, ఒక జాకీ, రెండు స్టాండ్లు, నాలుగు రాళ్ళు. ఒక పూటలో అయిపోతుందనుకున్న పని రెండుసార్లు చేయాల్సి వచ్చింది. రెండోసారి ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఫిర్యాదు

"బావా, పికప్ బండికి పికప్ లేదు" అన్నాడు వాడు. ఘాట్‌లో ఇంతకు ముందు మూడో గేరులో లాగే మలుపుల్లో ఇప్పుడు రెండుకు దిగుతోందట. మైలేజి లీటరుకు 11 దాటడం లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్ అని మోత, పది నిమిషాలు పోయాక తగ్గుతుంది. అద్దాలు ఎత్తి కూర్చుంటే పొగ వాసన.

చల్లగా ఉన్నప్పుడు మోత వచ్చి, వేడెక్కాక తగ్గిందంటే నేను ముందు చూసేది ఎగ్జాస్ట్ మానిఫోల్డే. వేడికి ఇనుము సాగి పగులు మూసుకుంటుంది, చల్లారితే మళ్ళీ తెరుచుకుంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఊదుబత్తి వెలిగించి మానిఫోల్డ్ పొడవునా తిప్పాను. రెండు, మూడు సిలిండర్ల మధ్యకు రాగానే పొగ చెదిరిపోయి కొట్టుకుంది. అక్కడ వెంట్రుక మందాన నల్లటి గీత కనిపించింది. గీతకు రెండు పక్కలా పాత వెల్డింగ్ గుర్తులు. అంటే అప్పటికే ఇంకెవరో రెండుసార్లు అతికించి ఉన్నారు. పోత ఇనుమును ముందుగా బాగా వేడి చేసి, నికెల్ రాడ్‌తో కొంచెం కొంచెంగా కొట్టి, బూడిదలోనో ఇసుకలోనో నిదానంగా చల్లార్చాలి. మామూలు రాడ్‌తో బండి మీదే నాలుగు చుక్కలు పెడితే ఆ వెల్డింగ్ పక్కనే మళ్ళీ పగులుతుంది. ఇక్కడా అంతే జరిగింది.

మైలేజి ఎందుకు తగ్గిందో కూడా ఆ గీతే చెబుతుంది. ఈ బండికి మానిఫోల్డ్ చివర ఆక్సిజన్ సెన్సర్ ఉంది. ఎగ్జాస్ట్ దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు పగులులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. ఆ గాలిని సెన్సర్ చూసి 'పెట్రోల్ చాలడం లేదు' అంటుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని నమ్మి ఇంకాస్త పోస్తుంది. ఈ మాట ఆ రోజు వాడికి చక్కగా వివరించాను. నెల తిరక్కముందే నేనే అదే తప్పు నా చేత్తో చేశాను.

హెడర్స్ ఎందుకు

సరదాకి కాదు. కొత్త ఒరిజినల్ మానిఫోల్డ్ దొరకలేదు. చెన్నై పుదుప్పేటలో ఒక రోజంతా తిరిగితే రెండు పాతవి దొరికాయి, రెండూ అదే చోట చీలినవి. కొత్తది దొరికి ఉంటే అదే వేసేవాణ్ణి, ఈ కథే ఉండేది కాదు.

చివరికి స్టీల్ పైపు హెడర్స్ చేసే ఒకతనికి ఆర్డర్ ఇచ్చాం. 304 గ్రేడు స్టెయిన్‌లెస్, ఫోర్-టూ-వన్ రకం. అంటే నాలుగు పైపులు ముందు రెండుగా, ఆ రెండు తర్వాత ఒకటిగా కలుస్తాయి. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) 1-3-4-2 కాబట్టి ఒకటి, నాలుగు ఒక జత, రెండు, మూడు ఇంకో జత. అప్పుడు ఒక సిలిండర్ ఊదే పొగ జతలోని రెండో దానికి అడ్డం రాదు. నాలుగూ ఒకేచోట కలిసే ఫోర్-వన్ రకం ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో బాగుంటుంది. కానీ మామిడికాయల లోడుతో ఘాట్ ఎక్కే బండి ఆరు వేల ఆర్‌పీఎమ్ ఎప్పుడు చూస్తుంది? మాకు కావాల్సింది రెండు, మూడు వేల దగ్గర లాగుడు.

డీజిల్ పికప్‌లున్నవాళ్ళు ఒకటి గమనించాలి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు లాంటి టర్బో డీజిల్ బండ్లకు ఈ లెక్క వర్తించదు. వాటిలో పొగ నేరుగా టర్బోలోకి పోతుంది, పైపుల పొడవుతో చేసే ఈ ఆట అక్కడ పెద్దగా పలకదు.

చట్టం సంగతి కూడా ముందే మాట్లాడుకున్నాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. పొగకూ మోతకూ 190(2) వేరే. పైగా ఎనిమిదేళ్ళు దాటిన లోడు బండి ప్రతి ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ పరీక్షకు) పోవాలి. అందుకని బండి కింద ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించే డబ్బా), సైలెన్సర్ తాకకూడదని గట్టిగా అనుకున్నాం. పోయిన మానిఫోల్డ్ స్థానంలో హెడర్స్, అంతే. వాడికి సైలెన్సర్ కూడా మార్చి మోత పెంచాలని ఉండింది. "అర్ధరాత్రి ఆ మోతతో ఘాట్ ఎక్కితే ఎర్రచందనం చెక్‌పోస్టు దగ్గర నిన్ను ఆపి లోడంతా దించి చూస్తార్రా" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

విప్పడం

కొత్తది బిగించడం గంట పని. పాతది విప్పడంలోనే ఉంది అసలు బాధ. ఇన్నేళ్ళు ఎర్రగా కాలి చల్లారిన నట్లు స్టడ్డుకు (ఇంజన్ పై భాగమైన హెడ్డులోకి బిగించిన మరల కడ్డీకి) అంటుకుపోయి ఉంటాయి. గురువారం నుంచే రోజూ సాయంత్రం, బండి గోరువెచ్చగా ఉన్నప్పుడు, తుప్పు వదిలే స్ప్రే కొట్టి పెట్టమన్నాను. కాలే ఇంజన్ మీద కొట్టొద్దని రెండుసార్లు చెప్పాను, దానికి మంట అంటుకుంటుంది.

ఆదివారం పొద్దున బ్యాటరీ నెగటివ్ తీశాం. ముందు చక్రాలు స్టాండ్ల మీద పెట్టాం. షెడ్డులో నేల మట్టి కాబట్టి స్టాండ్ల కింద మందపాటి చెక్కలు వేశాం. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు. జాకీని మాత్రమే నమ్మి బండి కింద దూరేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తొమ్మిది స్టడ్లు. 12 నంబర్ రింగ్ స్పానర్‌తో ఒక్కో నట్టును ముందు కొంచెం బిగించే వైపుకు తిప్పి, తర్వాత వదులు చేయాలి. కిర్రుమని ఏడిస్తే ఆగి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు. ఏడు నట్లు బుద్ధిగా వచ్చాయి. ఎనిమిదోది స్టడ్డుతో సహా వచ్చేసింది, దానికీ సంతోషమే. తొమ్మిదోది, నాలుగో సిలిండర్ వెనక, క్యాబిన్ గోడ పక్కన, చెయ్యి కూడా సరిగా దూరని చోట ఉన్నది, 'టక్' అని విరిగింది. ఆ శబ్దం మెకానిక్‌కు కడుపులో తెలుస్తుంది.

అదృష్టం కొద్దీ హెడ్డు బయటకు 4 మి.మీ. ముక్క మిగిలింది. ఇలాంటప్పుడు చాలామంది డ్రిల్లు పట్టుకుంటారు. హెడ్డు అల్యూమినియం, స్టడ్డు ఉక్కు. బిట్టు గట్టిదాన్ని వదిలి మెత్తదాని వైపు జారుతుంది, రంధ్రం పక్కకు పోతుంది, ఆ తర్వాత హెడ్డు దించి హెలికాయిల్ (పాడైన మరల చోట పెట్టే తీగ చుట్ట) వేయించడం తప్ప దారి ఉండదు. నేను ఈసీయూ ప్లగ్గు కూడా పీకేసి, విరిగిన ముక్క మీద కాస్త పెద్ద నట్టు పెట్టి, నట్టు లోపల వెల్డింగ్ నింపాను. ఎరుపు తగ్గుతుండగా స్టడ్డు మొదట్లో కొవ్వొత్తి ఆనించాను. మైనం కరిగి మరల్లోకి దిగింది. రెండు నిమిషాలు ఆగి స్పానర్ వేసి అటూ ఇటూ ఆడించాను. మొదటి నట్టు ఊడి చేతికొచ్చింది. రెండోసారి పెట్టిన నట్టుకు స్టడ్డు చుట్టుకు చుట్టు తిరిగి బయటకు వచ్చింది. ఆ తర్వాత రంధ్రాలన్నిటికీ ఎం8 టాప్ (మరలు కోసే పనిముట్టు) చేత్తో తిప్పి మరలు శుభ్రం చేశాను. తొమ్మిదికి తొమ్మిది కొత్త స్టడ్లు వేశాను. పాతవాటిలో బాగున్నవి ఉంచుదామని వాడు అన్నాడు కానీ, ఇరవై, ముప్పై రూపాయల స్టడ్డు దగ్గర పొదుపు చేసేవాడు ఈ పనికి దిగకూడదు.

గోధుమపిండి ముద్ద

హెడర్స్ చోటులో పెట్టి చూస్తే మూడో పైపు స్టీరింగ్ షాఫ్ట్ జాయింటుకు బాగా దగ్గరగా వచ్చింది. ఆగిన ఇంజన్ మీద దూరం కొలిస్తే లాభం లేదు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజన్ ఒరుగుతుంది, అప్పుడు ఎంత మిగులుతుందో కావాలి. ఇంట్లోకి పోయి చపాతీ పిండి ముద్ద అడిగాను. "ఏమయ్యా, బండికి కూడా టిఫిన్ పెడతావా" అని మా ఆవిడ నవ్వుతూనే ఇచ్చింది. ముద్దను షాఫ్టుకు అతికించి, ఇంజన్ స్టార్ట్ చేసి, పైపు వేడెక్కక ముందే రెండుసార్లు గట్టిగా రేస్ చేసి ఆపేశాం. పైపు ఒరిగి పిండిని నొక్కిన చోట మందం 6 మి.మీ. మాత్రమే. నేను 15కు తక్కువ ఒప్పుకోను. స్టీరింగ్ జాయింటుకు రబ్బరు తొడుగు ఉంటుంది, ఆ వేడికి నెలలో మాడిపోతుంది.

పైపును సుత్తితో అణచమని సలహా వచ్చింది. నేను ముందు ఇంజన్ మౌంట్ (ఇంజన్‌ను మోసే రబ్బరు దిమ్మె) చూశాను. ఆ పక్క మౌంట్ రబ్బరు చీలి, ఇంజనే కిందికి దిగబడి ఉంది. కొత్త మౌంట్ వేసి మళ్ళీ పిండి పెడితే 16 వచ్చింది. మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టాం. పిండి ఆవుకు పెట్టడానికి కూడా పనికిరాలేదు, గ్రీజు వాసన.

ఆక్సిజన్ సెన్సర్‌కు నాలుగు పైపులూ కలిసిన తర్వాత చోటు ఇచ్చారు, అది సరైనదే. పాత చోటుకంటే అడుగు కిందికి పోయింది. ఈ సెన్సర్ నాలుగు వైర్లది, లోపల హీటర్ ఉంది, కాబట్టి దూరమైనా పనిచేస్తుంది. ఒక్క వైరు సెన్సర్ అయితే ఆలోచించాల్సిందే. వైరు చాలకపోతే సెన్సర్ వైపు వైర్లు కోసి అతకకూడదు. చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని ఆ వైర్ల సందులోంచే తీసుకుంటాయి. బండి వైపు వైరింగే పొడిగించాను.

నట్లు మధ్య నుంచి చివరలకు, మూడు దఫాలుగా, టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే స్పానర్‌తో) 10, 16, 22 న్యూటన్ మీటర్లకు బిగించాను. మొదటిసారి వేడెక్కినప్పుడు పైపుల మీది నూనె, వేలిముద్రలు కాలి తెల్లటి పొగ వస్తుంది. బిగించే ముందు థిన్నర్‌తో తుడిస్తే తక్కువ వస్తుంది. షెడ్డు తలుపులు తీసే ఉంచాం. మూసిన షెడ్డులో పెట్రోల్ ఇంజన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సాయంత్రానికి బండి నిమ్మళంగా నడిచింది, టిక్ టిక్ పోయింది. వాడు బిర్యానీ తెచ్చాడు.

మళ్ళీ టిక్ టిక్

తొమ్మిదో రోజు ఫోన్. "బావా, సప్పుడు మళ్ళీ వచ్చింది. మైలేజి పదికి పడిపోయింది."

ముందు నేను నమ్మలేదు. బండి వచ్చాక స్పార్క్ ప్లగ్గులు తీస్తే నాలుగూ మసి. మల్టీమీటర్ పెట్టి సెన్సర్ సిగ్నల్ వైరు చూశాను. మామూలుగా అది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలి. ఇక్కడ ఐడ్లింగ్‌లో 0.2 దాటడం లేదు, రేస్ చేస్తే కొంచెం కదులుతోంది. ప్లగ్గులేమో పెట్రోల్ ఎక్కువైందని, సెన్సరేమో తక్కువైందని! రెండూ ఒకేసారి నిజం కావాలంటే సెన్సర్‌కు ముందు ఎక్కడో గాలి దూరుతుండాలి. ఐడ్లింగ్‌లో పొగ తక్కువ, దూరే గాలి వాటా ఎక్కువ, అందుకే అక్కడే ముదిరింది.

ఇంజన్ ఆపి, చల్లారాక, పాత వాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు గొట్టాన్ని సైలెన్సర్ మూతికి గుడ్డతో కట్టి ఆన్ చేశాం. ఫ్లాంజ్ (పైపులను హెడ్డుకు బిగించే మందపాటి పట్టీ) అంచుల వెంట సబ్బు నీళ్ళు కొట్టాను. మధ్యలో రెండు, మూడు సిలిండర్ల దగ్గర ఏమీ లేదు. ఒకటో దాని పై అంచున చిన్న బుడగలు, నాలుగో దాని కింద పెద్ద బుడగలు. చివరలే.

మళ్ళీ అన్నీ విప్పి, ఫ్లాంజ్ ముఖాన్ని మందపాటి గాజు పలక మీద బోర్లించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) తోశాను. మధ్యలో సన్నటి రేకు కూడా దూరలేదు. రెండు చివరల్లో 0.55 మి.మీ. రేకు హాయిగా దూరింది. నేనైతే 0.1 దాకానే సరిపెట్టుకుంటాను. పైపుల వైపు వెల్డింగ్ చేసినప్పుడు ఆ లోహం చల్లారి ముడుచుకుంటూ ఫ్లాంజ్ చివరలను తన వైపుకు లాగుతుంది. గట్టి జిగ్గులో (కదలకుండా పట్టే చట్రంలో) బిగించి చేయకపోయినా, చేశాక ముఖం చదును చేయకపోయినా ఇంతే. తయారుచేసినవాడు ఆ చివరి పని వదిలేశాడు. కానీ డబ్బా విప్పిన రోజున గాజు పలక మీద పెట్టి చూడాల్సింది నేను. ఐదు నిమిషాల పని. పైపుల మెరుపు చూసి మోసపోయాను. ఇంత అనుభవం పెట్టుకుని కూడా!

మరి మొదటి వారం ఎందుకు బాగుంది? నట్లు ఆ వంగిన చివరలను బలవంతంగా హెడ్డుకు అదిమి పట్టాయి, కొత్త ప్యాకింగ్ (ఫ్లాంజ్‌కూ హెడ్డుకూ నడుమ పెట్టే గాస్కెట్) నలిగి మిగతా సందు మూసింది. వేడెక్కడం, చల్లారడం పదిసార్లు జరిగేసరికి ప్యాకింగ్ అలసిపోయింది. దీనికి తోడు ఇంకో లోపం కూడా ఉంది. 304 స్టీలు పోత ఇనుముకంటే సగానికి సగం ఎక్కువ సాగుతుంది. 500 డిగ్రీలు వేడెక్కితే అడుగు పొడవు పైపు రెండున్నర మి.మీ. పెరుగుతుంది. ఫ్లాంజ్ అంత వేడెక్కదు కానీ అదీ సాగుతుంది. అది జరగడానికి చోటు ఉండాలంటే చివరి రంధ్రాలు పొడవుగా ఉండాలి. మాకు వచ్చిన దాంట్లో అన్నీ స్టడ్డుకు సరిగ్గా పట్టే గుండ్రటి రంధ్రాలే. సాగిన ప్రతిసారీ అది ప్యాకింగ్‌ను ఈడ్చుకుపోయింది.

తిరుపతి ఆటోనగర్‌లో హెడ్డు ఫేసింగ్ (ముఖం చదును చేసే పని) చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు నా దగ్గరికే తెచ్చింటే ఒక ప్యాకింగ్ మిగిలేది గదప్పా" అన్నాడు. 10 మి.మీ. ఫ్లాంజ్ మీద 0.6 తీశాడు. పైపులు అడ్డం రాకుండా దాన్ని మెషీన్ మీద బిగించడానికే అరగంట పట్టింది, తీయడానికి పది నిమిషాలు. చివరి రంధ్రాలను నేను ఇంటికొచ్చి ఆకురాయితో పొడవుగా అరగదీశాను. మెత్త ప్యాకింగ్ మానేసి పొరలు పొరలుగా ఉండే స్టీలు ప్యాకింగ్ వేశాను. బిగింపు మళ్ళీ అదే వరస. ఒకసారి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారాక మళ్ళీ టార్క్ పట్టాను. 500 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి.

ఎంత కలిసొచ్చింది

తోతాపురి లోడు సుమారు 700 కిలోలు వేసుకుని రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కించాను, పక్కన వాడు. రెండుకు దిగే మలుపుల్లో ఒక్క దగ్గర తప్ప మూడులోనే లాగింది. ట్యాంకు నింపి, నడిపి, మళ్ళీ నింపి చూస్తే మూడు ట్యాంకుల మీద లీటరుకు 12 చిల్లర. సెన్సర్ వోల్టేజి ఊగాల్సినట్టు ఊగుతోంది. పొల్యూషన్ టెస్టు పాసైంది. మోతలో తేడా లేదు.

ఇదంతా హెడర్స్ గొప్పతనమేనా అని అడిగితే, నేను అవునని చెప్పను. పాత మానిఫోల్డ్ పగిలి ఉంది. అదే పగలని కొత్త మానిఫోల్డ్ వేసి ఉంటే ఈ లాభంలో ఎక్కువ భాగం దాంతోనూ వచ్చేదని నా అంచనా. లీకున్న హెడర్స్ వేసిన ఆ తొమ్మిది రోజుల్లో మైలేజి పగిలిన పాత మానిఫోల్డ్ కన్నా తక్కువకు పడింది, అది మర్చిపోలేను. లాగుడులో కొంత మెరుగు పైపులదే కావచ్చు, ఎంత అని విడదీసి చెప్పడానికి డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద పెట్టి చూడలేదు.

నష్టం కూడా ఉంది. పల్చటి పైపులు పోత ఇనుముకంటే బానెట్ కింద ఎక్కువ వేడి వదులుతాయి. మే నెల తిరుపతి ఎండలో డ్రైవరు కాళ్ళ దగ్గర తేడా తెలిసిపోతోంది. పెట్రోల్ పైపుకు వేడి తగలకుండా తొడుగు వేశాను. హీట్ ర్యాప్ (వేడి బయటికి రాకుండా పైపులకు చుట్టే పట్టీ) చుట్టమని వాడు అడిగాడు. స్టీలు పైపే కాబట్టి ర్యాప్ నీళ్ళు పీల్చి తుప్పు పట్టించే భయం మామూలు ఇనుము పైపుకున్నంత ఉండదు, కానీ లీకు వస్తే ర్యాప్ కింద కనిపించదు. ఒక వానాకాలం గడిచాక చూద్దామన్నాను.

ఖర్చు: హెడర్స్ 14,000, స్టడ్లు, నట్లు, రెండు ప్యాకింగ్‌లు, మౌంట్, ఫేసింగ్ కలిపి ఇంకో నాలుగున్నర వేలు. నా కూలీ బిర్యానీ. అది కూడా మొదటిసారికే ఇచ్చాడు.

మొన్న 4,000 కిలోమీటర్ల దగ్గర మళ్ళీ నట్లు చూశాను. నాలుగో సిలిండర్ వెనక ఉన్నది, ఆ రోజు విరిగిన చోటిదే, పావు చుట్టు తిరిగింది. మిగతా ఎనిమిదీ కదల్లేదు. సీజన్ అయ్యాక దానికి తాళం నట్టు వేయాలి.